జవాబు అర్థమయ్యేలా అడగడం: పరాయి దేశంలో, రాని భాషలో రోజువారీ పనులు

తిరుపతి గాంధీ రోడ్డులో గోవిందరాజస్వామి గుడి వైపు నడుస్తుంటే దారి పొడవునా చిన్న చిన్న అంగళ్ళు కనిపిస్తాయి. ఇత్తడి దీపాలు, స్వామివారి పటాలు, గాజులు, పసుపు, కుంకుమ. ఏదో ఒక అంగడి ముందు పది నిమిషాలు నిలబడితే చాలు, తమిళం, కన్నడం, హిందీ, మరాఠీ ఒకదాని వెంట ఒకటి చెవిన పడతాయి. అంగడాయన అందరికీ జవాబు చెబుతూనే ఉంటాడు. ధర దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోటితో చెప్పి ఊరుకోడు. కాలిక్యులేటర్ మీద అంకె నొక్కి, కొనేవాళ్ళ వైపు తిప్పి చూపిస్తాడు. వాళ్ళు తల అడ్డంగా ఊపితే కాలిక్యులేటర్ వాళ్ళ చేతికే ఇస్తాడు. వాళ్ళు తమ అంకె నొక్కుతారు. ఇన్ని భాషలు ఎప్పుడు నేర్చుకున్నారని అలాంటి ఒకాయనను అడిగాను. తనకు మరాఠీ రాదనీ, మరాఠీలో బేరం మాత్రం వచ్చనీ అన్నాడు.

ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. మన చిత్తూరు, అన్నమయ్య జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటి పనికీ, డ్రైవర్లుగానూ వెళ్ళేవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. తిరుపతి పిల్లలు జర్మనీలో చదువుకు వెళుతున్నారు, జపానులో పని కోసం ప్రయత్నిస్తున్నారు. బయలుదేరే ముందు ఇంటిల్లిపాదికీ ఒకటే దిగులు: అక్కడి భాష రాదు కదా, ఎలా బతుకుతాడు? ఆ దిగులు న్యాయమైనదే. కానీ దాన్ని ఒకే పెద్ద బండరాయిలా చూస్తున్నంత కాలం అది కదలదు. భాష రావడం వేరు, భాషలో ఒక పని రావడం వేరు. పాలు కొనడానికి కావలసిన భాష వేరు, కడుపునొప్పి చెప్పుకోవడానికి కావలసింది వేరు, సంతకం పెట్టడానికి కావలసింది ఇంకా వేరు. వీటిలో కొన్ని నాలుగు రోజుల్లో చేతికి వస్తాయి. కొన్ని ఏళ్ళు గడిచినా రావు. ఏది ఏదో తెలుసుకుని వెళ్ళడంలోనే సగం ధైర్యం ఉంది.

మొదట తేలికైనదే చూద్దాం. అంగడి పనికి ఒక వరస ఉంటుంది. జర్మనీలో సూపర్‌మార్కెట్ కౌంటర్ దగ్గర గుమస్తా ముందు పలకరిస్తుంది, పాయింట్ల కార్డు ఉందా అని అడుగుతుంది, మొత్తం ఎంతో చెబుతుంది, కార్డా నగదా అంటుంది, రసీదు కావాలా అని అడిగి, సెలవు చెబుతుంది. ఏ ఊరైనా, ఏ అంగడైనా దాదాపు ఇదే. ఈ వరస తెలియని కుర్రాడికి ఆ మాటలు గడగడా దొర్లే చప్పుడులా వినిపిస్తాయి. తెలిసినవాడు రెండో మాట పాయింట్ల గురించేనని ముందే అనుకుంటాడు కనుక, మాటల్లో ఒక్కటి అందినా చాలు. జపానులో చిన్న అంగడికి వెళితే సంచి కావాలా, తిండి వేడి చేయాలా, చాప్‌స్టిక్స్ పెట్టాలా అని అడుగుతారు. 2020 జూలై నుంచి అక్కడ ప్లాస్టిక్ సంచికి డబ్బు తీసుకోవడం తప్పనిసరి అయింది, అందుకే సంచి ప్రశ్న తప్పకుండా వస్తుంది. కువైట్‌లో వీధి చివర చిల్లర అంగడిని బకాలా అంటారు. పేటకొకటిగా ఉండే సహకార సంఘం వాళ్ళ పెద్ద అంగడి జమ్ఇయ్యా. అక్కడ 'ఫీ' అంటే ఉంది, 'మాఫీ' అంటే లేదు. అరబ్బులూ, మనవాళ్ళూ, మలయాళీలూ, బంగ్లాదేశీయులూ కలిసి వాడుకునే అతుకుల అరబిక్ అది. వ్యాకరణం లేదని చిన్నచూపు చూడకండి, లక్షలమందికి ఆ మాటలే రోజూ అన్నం పెడుతున్నాయి.

మన దగ్గర పుస్తకాలూ, వీడియోలూ నేర్పేదంతా అడగడమే. బస్టాండు ఎక్కడ, ఇది ఎంత, మరుగుదొడ్డి ఎటువైపు. ఇవి బట్టీ పట్టి చక్కగా అడుగుతారు. అసలు చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. ప్రశ్న అంత బాగా అడిగిన మనిషికి భాష వచ్చనుకుని, ఎదుటివాళ్ళు ఆపకుండా జవాబు చెబుతారు. రెండు సందులు దాటి, ఎడమకు తిరిగి, చర్చి వెనక. ఒక్క ముక్క అర్థం కాదు. మళ్ళీ అడగడానికి మొహమాటం. అర్థమైనట్టు తల ఊపి పక్కకు వచ్చేస్తారు. పరాయి భాషలో అసలు నేర్పు మనం ఏం అడుగుతామన్నదాంట్లో లేదు, వచ్చే జవాబు ఎంత చిన్నదిగా ఉండేలా అడుగుతామన్నదాంట్లో ఉంది.

తిరుపతి బస్టాండులో తమిళనాడు నుంచి వచ్చిన పెద్దావిడను గమనించండి. ఈ బస్సు ఎక్కడికి పోతుందని ఆమె అడగదు. బస్సు వైపు వేలు చూపి "కాళహస్తి?" అంటుంది. కండక్టరు అవునంటాడు, లేదా పక్క బస్సు చూపిస్తాడు. ఆ ఒక్క మాటలో ప్రశ్న ఉంది, జవాబుకు హద్దూ ఉంది. అదే పద్ధతి ఎక్కడైనా పనిచేస్తుంది. మందుల షాపు ఎక్కడని అడిగే బదులు ఫోనులో పటం తెరిచి, ఇక్కడేనా అన్నట్టు వేలు పెట్టాలి. ఎప్పుడు తెరుస్తారని అడిగే బదులు చేతి గడియారం చూపి, కాగితం కలం ముందుకు జరపాలి. జవాబు అంకెగానో, వేలుగానో, అవును కాదులలో ఒకటిగానో రావాలి.

అంకె అన్నాను కానీ, చెవితో వినే అంకెను నమ్మకండి. తెలుగులో 21 అంటే ఇరవై ఒకటి, పెద్దది ముందు, చిన్నది వెనక. జర్మన్‌లో 'ఐన్ ఉండ్ త్స్వాన్‌సిష్', అంటే ఒకటీ ఇరవై. అరబిక్‌లోనూ అంతే: 'వాహిద్ వ ఇష్రీన్', ఒకటీ ఇరవై. రెండు భాషలకూ చుట్టరికం లేదు కానీ, ఈ ఒక్క విషయంలో రెండూ మన చెవిని ఒకేలా తడబెడతాయి. 54 అన్నప్పుడు ముందు నాలుగు వినిపిస్తుంది, చేయి 45 రాసేస్తుంది. ఫోను నంబరు, ప్లాట్‌ఫారం, గది నంబరు, అన్నిటికీ ఈ ప్రమాదం ఉంది. టైము చెప్పడంలో ఇంకో మలుపు. జర్మన్‌లో 'హాల్ప్ డ్రై' అంటే మాటకు మాట సగం మూడు. మనం మూడున్నర అనుకుంటాం, వాళ్ళ లెక్కలో అది మూడో గంట సగమైన వేళ, అంటే రెండున్నర. డాక్టరు దగ్గర గంట ఆలస్యమైపోతుంది. ధరల పట్టీలో మనం చుక్క పెట్టే చోట వాళ్ళు కామా పెడతారు: 1,50 అంటే ఒకటిన్నర యూరో. 1.000 అంటే వెయ్యి.

కువైట్ అంకెలు కంటికే పరీక్ష. అక్కడి పలకల మీద రాసే అరబిక్ అంకెల్లో సున్నా ఒక చుక్క. మనకు సున్నాలా కనిపించే గుండ్రటిది అయిదు. మన ఏడులా కనిపించేది ఆరు. లిపి కుడి నుంచి ఎడమకు సాగినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. ఈ పది గుర్తులూ ఒక సాయంత్రం కూర్చుని నేర్చుకోవచ్చు, దీనికి సాకు లేదు. ఇక డబ్బు: దీనారుకు వంద కాదు, వెయ్యి ఫిల్సులు. పావు దీనారుకూ, అర దీనారుకూ వేరే నోట్లు ఉన్నాయి. పావలా, అర్ధరూపాయి చూసిన మన పెద్దవాళ్ళకు అది తొందరగా పట్టుబడుతుంది.

తెలిసినట్టు వినిపించే మాట, తెలియని మాట కంటే పెద్ద చిక్కు తెస్తుంది. చిత్తూరువాళ్ళకు ఇది కొత్త కాదు. 1960లో తిరుత్తణి తమిళనాడు వైపు వెళ్ళింది కానీ, సరిహద్దుకు ఇటూ అటూ రెండు భాషలూ కలిసే బతుకుతున్నాయి. మనకు అవసరం అంటే కావలసినది, తమిళంలో అవసరం అంటే తొందర. అవసరమేమీ లేదని తమిళంలో చెబితే, తీరిగ్గా చేయమని అర్థం, వద్దని కాదు. జర్మనీలో 'రెట్సెప్ట్' అన్నమాట వినగానే రసీదు అనుకుంటాం. అది డాక్టరు రాసే మందుల చీటీ. 'బార్' అంటే నగదు. 'గిఫ్ట్' అంటే విషం, డబ్బా మీద ఆ మాట కనిపిస్తే పిల్లలకు అందకుండా పెట్టాలి.

మర్యాద గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు తెలియక మనసు కష్టపెట్టుకునేది ఇక్కడే. తెలుగులో దయచేసి అన్న మాట బోర్డుల మీదా, ప్రకటనల్లోనే ఎక్కువ. అంగడిలో ఎవరూ అనరు. మన మర్యాద క్రియ చివర ఉంటుంది: ఇవ్వండి, చెప్పండి. మొదట అన్నా, అక్కా, అమ్మా అని పిలుస్తాం, ఆ పిలుపుతోనే దగ్గరితనం వచ్చేస్తుంది. ఇదంతా పరాయి భాషలోకి దాటేటప్పుడు రాలిపోతుంది. 'నీళ్ళివ్వండి' అన్నది అక్కడ 'నీళ్ళు ఇవ్వు' అయి కూర్చుంటుంది. వాళ్ళు ముఖం చిట్లిస్తారు, మనకు కారణం తెలియదు, మనల్ని చిన్నచూపు చూశారని బాధపడతాం. జర్మన్‌లో ప్రతి అడుగుడు మాటకూ 'బిట్టె', అంటే దయచేసి, కలపాలి. అంతకంటే ముందు పలకరింపు ఉండాలి. ఫ్రాన్సులో అంగడి గడప దాటగానే 'బోన్‌జూర్' అనకుండా నేరుగా పనిలోకి దిగితే అది అమర్యాదే. మన 'అన్నా' చేసే పనిని అక్కడ ఆ పలకరింపు చేస్తుంది. భాష ఏమీ రాకపోయినా పలకరింపు, బిట్టె, కృతజ్ఞత, ఈ మూడూ ముందు నేర్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ఇంకో చిన్న ముడి. "కార్డు లేదా?" అని అడిగితే మనం "అవును, లేదు" అంటాం. జపానీయులూ అలాగే అంటారు. జర్మన్‌లో, ఇంగ్లీషులో అలా కుదరదు. లేనప్పుడు 'కాదు' అనే చెప్పాలి. అవునంటే ఉందనుకుంటారో, లేదనుకుంటారో తెలియక అయోమయంలో పడతారు. అందుకే అవును కాదులతో ఆపకుండా 'కార్డు లేదు' అని మొత్తం చెప్పడం మేలు. మన తల ఊపు కూడా అంతే. నిలువుకూ అడ్డానికీ మధ్య ఊగే మన ఊపు మనకు అవునన్నట్టే, అక్కడివాళ్ళకు సందేహంలా కనిపిస్తుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ తప్పినా పోయేది కాస్త డబ్బు, కాస్త సమయం. మందుల షాపు, ఆసుపత్రి అలా కాదు.

ఒంట్లో బాగాలేనప్పుడు మనం చెప్పుకునే మాటలు ఎంత తెలుగువో, వాటిని దాటించాలని కూర్చుంటే తెలుస్తుంది. కళ్ళు తిరుగుతున్నాయి అంటాం. అనువాద యంత్రం దాన్ని కనుగుడ్లు గుండ్రంగా తిరుగుతున్నాయని చెప్పగలదు. వేడి చేసింది అంటాం. ఆ రెండు మాటల వెనక నోటిపూత, మూత్రంలో మంట, కళ్ళ మంట, ఏదైనా ఉండవచ్చు, జర్మన్ డాక్టరుకు అది జ్వరమనే అర్థమవుతుంది. కడుపు అంటే మనకు పొట్టా, పేగులూ, గర్భమూ అన్నీ. కాలు అంటే తొడ నుంచి వేలి దాకా. చెయ్యి అంటే భుజం నుంచి గోరు దాకా. నీరసం, ఒళ్ళు నొప్పులు, గుండె దడ, తల దిమ్ము, ఇవి చెబితే మన ఊరి డాక్టరుకు పది విషయాలు తెలుస్తాయి. బయట వాటిని విప్పి చెప్పాలి. కళ్ళు తిరగడం అనకుండా, నిలబడితే పడిపోతానేమో అనిపిస్తోంది అనాలి. వేడి చేసింది అనకుండా, మంట ఎక్కడో వేలితో చూపాలి. కాలు నొప్పి అనకుండా, ఏ కీలు దగ్గరో చూపాలి.

జ్వరం కొలతలో ఇంకో ఉచ్చు ఉంది. మన ఇళ్ళలో పిల్లాడికి నూట రెండు జ్వరం అంటాం, అది ఫారెన్‌హీట్. జర్మనీలో, జపానులో, కువైట్‌లో సెల్సియస్‌లో చూస్తారు. 102 అంటే అక్కడ 38.9. ఇంట్లో థర్మామీటరు 39 చూపిస్తే, అంకె చిన్నదే కదా అని మన అమ్మ ఫోనులో తేలికగా తీసుకుంటుంది. నిజానికి అది మంచి జ్వరమే.

మందు పేర్ల సంగతి ఇంతకంటే ముఖ్యం. మనం అడిగేది కంపెనీ పెట్టిన పేరు. ఆ పేరు సముద్రం దాటితే ఎవరికీ తెలియదు. డోలో అంటే తెల్లబోతారు, పారాసిటమాల్ అంటే జర్మనీలో, కువైట్‌లో అర్థమవుతుంది. అమెరికాలో, జపానులో అదే మందును ఎసిటమినోఫెన్ అంటారు. అందుకే బీపీ, షుగరు, థైరాయిడ్ మందులు వాడేవాళ్ళు బయలుదేరే ముందు రుయా ఆసుపత్రి దగ్గరో, స్విమ్స్ ఆసుపత్రి దగ్గరో ఉన్న ఏదైనా మందుల షాపుకు వెళ్ళి, ప్రతి అట్ట మీదా చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఇంగ్లీషు అక్షరాల్లో ఒక కాగితం మీద రాయించుకోవాలి. పడని మందు ఏదైనా ఉంటే అది ఎర్ర సిరాతో పైన. ఆ కాగితం పాస్‌పోర్టుతో సమానం.

జర్మనీలో పారాసిటమాల్ సూపర్‌మార్కెట్‌లో దొరకదు, 'ఆపోటెకె' అనే మందుల షాపులోనే అమ్ముతారు. ఆదివారం అంగళ్ళు మూసి ఉంటాయి. మందుల షాపులు మాత్రం వంతులవారీగా ఒకటి తెరిచే ఉంటుంది, ఏది తెరిచిందో మిగతా షాపుల తలుపు మీద రాసి ఉంటుంది. ప్రాణం మీదికి వస్తే 112. ప్రాణాపాయం లేదు కానీ రేపటి దాకా ఆగలేమనిపిస్తే 116117. కువైట్‌లోనూ అత్యవసరానికి 112 చాలు. జపానులో అంబులెన్సుకు 119. కువైట్ ఆసుపత్రుల్లో కేరళ నర్సులు ఉండటం మామూలే, హిందీ కాస్త వచ్చినా వాళ్ళ ద్వారా విషయం దాటుతుంది. వేలూరు సీఎంసీ ఆసుపత్రి ఎదుట వీధుల్లో బెంగాలీ బోర్డులు చూసినవాళ్ళకు ఈ సంగతి అర్థమవుతుంది: జబ్బు దగ్గర మనిషికి తన భాషే కావాలి, అది ఎక్కడ దొరికితే అక్కడికి వెళతాడు. డాక్టరు దగ్గరకు భాష వచ్చిన తోడు దొరికే అవకాశం ఉంటే, ఎంత మొహమాటమైనా అడగండి. ఒక్క మాట మాత్రం: ఆ తోడు పదేళ్ళ పిల్లలు కాకూడదు. పిల్లలకు భాష ముందుగా వస్తుంది నిజమే, కానీ అమ్మ జబ్బు గురించి డాక్టరు చెప్పే మాటను మోసే భారం వాళ్ళ మీద పెట్టకూడదు.

అనువాద యంత్రాల గురించి రెండు ముక్కలు. గూగుల్ అనువాదంలో తెలుగు 2011లో వచ్చింది. అప్పటికీ ఇప్పటికీ పోలిక లేదు, బోర్డు ఫోటో తీస్తే తెలుగులో చదవగలుగుతున్నాం. అయినా తెలుగుకు తన తీరు ఉంది. మనం కర్తను వదిలేస్తాం. 'నిన్నటి నుంచి వాంతులు, ఏమీ తినలేదు' అంటే ఎవరో మనకు తెలుసు, యంత్రం ఊహిస్తుంది. 'వచ్చింది' అంటే ఆమెనా, అదా? అందుకే యంత్రంతో మాట్లాడేటప్పుడు మన అలవాటును పక్కన పెట్టి, 'నా కూతురు నిన్న మూడుసార్లు వాంతి చేసుకుంది' అని ఎవరు, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నీ పలకాలి. వచ్చిన వాక్యాన్ని మళ్ళీ తెలుగులోకి తిప్పి చూసుకోవాలి. తిప్పితే వేరే అర్థం వస్తోందంటే ఎదుటివాళ్ళకూ అదే అందుతోందన్నమాట. భాషను ముందే ఫోనులోకి దించుకుంటే నెట్ లేనప్పుడు కూడా పనిచేస్తుంది, విమానం ఎక్కేముందే ఆ పని చేసేయాలి.

కాగితాల పని దగ్గర మాత్రం యంత్రాన్ని నమ్మవద్దు. జర్మనీలో ఇల్లు మారిన రెండు వారాల్లోపు స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి, దాన్ని 'ఆన్‌మెల్డుంగ్' అంటారు. ఇంటి యజమాని ఇచ్చే ధ్రువపత్రం వెంట ఉండాలి. జపానులోనూ 14 రోజుల గడువే. జర్మన్ కార్యాలయాల భాష చట్టప్రకారం జర్మనే, అక్కడి ఉద్యోగికి ఇంగ్లీషు వచ్చినా మాట్లాడాలన్న నిబంధన లేదు. ఇక మన పేర్లు. ఇంటిపేరు ముందు, పొడి అక్షరం, తండ్రి పేరు కలిసిన పేరు, ఇలా చిత్తూరు పక్క ఒక్కో ఇంట్లో ఒక్కో తీరు. జర్మనీలో కాలింగ్ బెల్ మీదా, ఉత్తరాల పెట్టె మీదా ఇంటి నంబరు కాదు, ఇంటిపేరు ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏం రాసి ఉందో అదే అతికించకపోతే బ్యాంకు ఉత్తరం వెనక్కి పోతుంది. ఇక చదవలేని కాగితం మీద సంతకం, అది జీతం కాగితమైనా, అద్దె కాగితమైనా, పెట్టనే పెట్టవద్దు. రేపు పెడతానని ఒక రోజు అడగడానికి ఏ దేశంలోనూ సిగ్గుపడనక్కరలేదు. ఇంటి పనికి కువైట్ వెళ్ళే మన ఆడవాళ్ళకు ఈ మాట మళ్ళీ మళ్ళీ చెప్పాలి.

అన్నిటికంటే కష్టమైనది ఫోను. ఎదుట ముఖం లేదు, వేలు లేదు, కాగితం లేదు. ఉత్తరంలోనో, ఈమెయిల్‌లోనో రాయమని అడగటం నేర్చుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు. తప్పించుకోలేనిది అంబులెన్సుకు చేసే ఫోను ఒక్కటే. అక్కడ మొదట కావలసింది జబ్బు పేరు కాదు, మనం ఎక్కడున్నామన్నది.

కువైట్‌లో చాలా ఏళ్ళు ఇళ్ళల్లో పనిచేసి తిరిగొచ్చిన ఒకామె మా వీధి చివర ఉంటుంది. మా పక్కింటి అమ్మాయి అక్కడికి వెళుతోందని తెలిసి, పోయిన నెల పిలవకుండానే వచ్చింది. అరబిక్ మాటలేవీ ముందు చెప్పలేదు. కువైట్‌లో చిరునామా ఎలా చెబుతారో చెప్పింది: ముందు పేట పేరు, తరువాత 'ఖిత్అ', అంటే బ్లాకు నంబరు, తరువాత 'షారె', అంటే వీధి, చివర ఇంటి నంబరు. మొదటి రోజే గేటు మీది నంబరు పలక ఫోటో తీసుకోమంది. ఆ నాలుగూ వరసగా, చూడకుండా, నిద్రలో లేపినా చెప్పగలిగేదాకా అనమంది. అమ్మాయి తడబడింది. "మళ్ళీ చెప్పమ్మా" అంది ఆమె. ఇద్దరూ వసారాలో కూర్చుని, చీకటి పడేదాకా ఆ నాలుగు మాటలే చెప్పుకున్నారు.